కొలిమి చల్లారకముందు వినవలసిన మాట

వర్తకము మందగించి, ధరలు పడిపోయి, కర్మాగారముల ద్వారములు మూతపడు దినములలో దేశమున రెండు విధములైన అభిప్రాయములు బయలుదేరును. ఒకటి వ్యాపారస్థుల అభిప్రాయము. రెండవది ప్రజల అభిప్రాయము. మొదటిదానికి లెక్కల పుస్తకము, ఆడిటరు సంతకము, బ్యాంకుల ఉత్తరములు, పత్రికల మొదటిపుటలు తోడుగా నుండును. రెండవదానికి ఊరేగింపు, మహజరు, సంతలోని మాట తప్ప వేరాధారము లేదు. ఈ రెండింటిలో ఏది సత్యమను ప్రశ్నకంటె, ఏది ఎప్పుడు వినబడుచున్నదను ప్రశ్న ముఖ్యమైనది. మొదటిది నిర్ణయమునకు ముందు వినబడును. రెండవది నిర్ణయమైన పిమ్మట వినబడును. బోధను చెరకుసీమకు కలిగిన నష్టములో పెద్దపాలు ఈ ముందువెనుకలలోనే యున్నదని మా అభిప్రాయము.

మాంద్యకాలపు అభిప్రాయముల చరిత్రను చదువగోరువారికి బ్రిటను మంచి పాఠశాల. మాంద్యములను పలుమారు చూచి, ఆయా కాలములందు ఎవరు ఏమనుకొనిరో లెక్క వ్రాసి పెట్టుకొన్న దేశమది. అచ్చటి పరిశ్రమాధిపతుల సమాఖ్య 1958 నుండి యజమానులను ప్రశ్నించి వారి ఆశానిరాశలను ప్రకటించుచున్నది. గృహస్థుల విశ్వాసమును 1974 నుండి కొలుచుచున్నారు. 2022 సెప్టెంబరులో ఆ సూచిక సున్నకు దిగువ 49 అంకెకు పడిపోయి, ఆ లెక్క మొదలైన నాటినుండి ఎన్నడులేని హీనస్థితిని చూపినది. కాని కొలత యుండుట వేరు, కొలిచినదానిని మన్నించుట వేరు. అందుకు ఆ దేశచరిత్రయే సాక్షి.

1931 జూలై నెలాఖరున జార్జి మే అధ్యక్షతను ఏర్పడిన సంఘము ఒకటి, ప్రభుత్వ ఆదాయవ్యయములలో 12 కోట్ల పౌనుల లోటు రానున్నదనియు, నిరుద్యోగుల భృతిని తగ్గింపవలెననియు నివేదించినది. లండను బ్యాంకర్లు చెప్పినదియు అదియే. ఆ ప్రశ్నపై మంత్రివర్గము చీలి ఆగస్టులో పడిపోయినది. క్రొత్త ప్రభుత్వము భృతిని నూటికి పదివంతున కోసినది. ఇంతయు చేసినది పౌనును బంగారముతో ముడిపెట్టి నిలుపుటకు. ఆ ముడి విడినచో సర్వనాశనమని వ్యాపారాభిప్రాయము. సెప్టెంబరు 21న ఆ ముడి విడనే విడినది. ఆకాశము విరిగి పడలేదు. 1932 జూన్ నెలాఖరునకు బ్యాంకు వడ్డీ నూటికి 2కు దిగినది. ఇండ్ల నిర్మాణము విరివియై ఇంగ్లండు దక్షిణభాగము తేరుకొనసాగినది. మన పాట్లు వేరు. రూపాయిని 18 పెన్సుల చొప్పున పౌనుతోనే కట్టియుంచిరి. ధాన్యపు ధర కూలిన రైతులు నగలమ్ముకొనగా మన బంగారము ఓడలకెక్కినది. లండను వ్యాపారుల అభిప్రాయము తెలుగు రైతుభార్య మెడలోని గొలుసుదాక ప్రయాణము చేయగలదని ఆనాడు తేలినది.

ఇంగ్లండు ఉత్తరభాగమున గూడ ప్రజలు పడిన పాట్లు తక్కువవి గావు. జారో పట్టణమునకు ఓడలు కట్టు కర్మాగారమే ప్రాణము. దేశములో అట్టి కర్మాగారములు అవసరమునకు మించినవని తలచిన యజమానులు తామే ఒక సంస్థగా కూడి, వానిని కొని మూసివేయనారంభించిరి. జారో కర్మాగారము అట్లే మూతపడినది. 1936 అక్టోబరులో 200 మంది పురుషులు, పదకొండువేలకు మించిన సంతకములుగల మహజరును పెట్టెలో నుంచుకొని లండనుకు కాలినడకన పోయిరి. ప్రధానమంత్రి బాల్డ్విన్ వారి ప్రతినిధులను చూడ నిరాకరించెను. నేడా యాత్రను ఆ దేశమంతయు గౌరవముతో స్మరించుచున్నది. అయిననేమి? వినవలసిన నాడు వినలేదు.

అదే దశాబ్దములో మన ప్రాంతమున జరిగినది గమనింపదగినది. ప్రపంచము మాంద్యమున మునిగియున్న 1931లో మంజీరా నదిపై నిజాంసాగరము పూర్తియైనది. 1932లో బ్రిటిషిండియా ప్రభుత్వము జావా చక్కెర పోటీనుండి కాపాడుటకు రక్షణసుంకమును చట్టము చేయగా దేశమంతట ఈ పరిశ్రమకు ఊతము కలిగినది. 1937లో బోధను వద్ద నిజాం చక్కెర కర్మాగారము స్థాపితమై, దాని చుట్టు వెలసిన ఊరు శక్కర్‌నగర్ అను పేరు వహించినది. నిజాము పాలన ప్రజాపాలన కాదు. వెట్టిచాకిరియు జాగీర్దారుల దౌర్జన్యమును దాని నీడన పెరిగినవే. అయినను మంచిపనిని మంచిదనుట న్యాయము. ధరలు కూలిన కాలమున, ఆనాటి నిరాశను ప్రమాణముగా గొనక, ముందు నీరు, పిమ్మట చెరకు, ఆపై యంత్రము అను క్రమమున పెట్టుబడి పెట్టిరి. కృష్ణా గుంటూరు జిల్లాలనుండి సైతము రైతులు వచ్చి కాలువల క్రింద స్థిరపడిరి. ఆసియాఖండమందలి పెద్ద చక్కెర కర్మాగారములలో నొకటిగా బోధను పేరొందినది.

చెరకు స్వభావము తెలియనివారికి ఈ పరిశ్రమలోని చిక్కు బోధపడదు. వడ్లను ఎండబెట్టి ధర వచ్చువరకు గరిసెలో దాచవచ్చును. పసుపును ఉడికించి యెండించి నిలువచేయవచ్చును. చెరకును దాచుటకు వీలులేదు. నరికిన మరునాటినుండియే తూకము తగ్గును, తీపి తగ్గును. దూరము తోలినచో కిరాయియే ధరను మ్రింగును. ఒకమారు నాటినచో మొక్కతోట, ఆ పిమ్మట కార్సితోట; కావున రైతు రెండు మూడేండ్ల ముందుచూపుతో, కర్మాగారమును నమ్మి, భూమిని చెరకునకు ఒప్పగించును. కర్మాగారమును రైతును ఒక కాడికి కట్టిన ఎడ్లజోడు వంటివారు. ఒకటి కూలబడినచో రెండవది నడువజాలదు.

ఇట్టి కర్మాగారమునుగూర్చి గత శతాబ్దము చివర లోకమున వ్యాపించిన అభిప్రాయము ఒక్కటియే: ప్రభుత్వము వ్యాపారము చేయరాదు. ఈ వాదము 1980 ప్రాంతముల మాంద్యకాలమున బ్రిటనులో బలపడి, అటనుండి లోకమంతట వ్యాపించినదే. 2002లో ఆనాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము బోధను, ముత్యంపేట, మంబోజిపల్లి కర్మాగారములను, తాను 49 వంతులు మాత్రముంచుకొని, 51 వంతులు ప్రైవేటువారికి ఒప్పగించినది. రైతులును కార్మికులును వలదనిరి. వారి అభిప్రాయమును అభివృద్ధి తెలియనివారి భయముగా కొట్టివేసిరి. ఆ పిదప వచ్చిన ప్రభుత్వము శాసనసభా సంఘమును నియమించి విచారణ జరిపించినది. కాని విక్రయము విక్రయముగానే నిలిచినది. నిర్ణయము ముందు, విచారణ వెనుక అను ఆచారమునకు ఇది మొదటి నిదర్శనము.

2015 వచ్చినది. వ్యాపారస్థుల మాటను గూడ న్యాయముగా చెప్పవలెను. ఆ యేడు ఆగస్టులో న్యూయార్కు విపణిని ముడిచక్కెర ధర పౌను బరువునకు 11 సెంట్లకు దిగువకు జారి, ఏడేండ్లలో అతితక్కువ మట్టమును చేరినది. చెరకు ధరయో, కేంద్రప్రభుత్వము క్వింటాలుకు 230 రూపాయలుగా కట్టినది. అమ్ముడు ధర విపణి నిర్ణయించును, కొనుగోలు ధర చట్టము నిర్ణయించును. నడుమ నలిగితిమని యజమానులనుట అబద్ధము కాదు. దేశమంతట మిల్లులు రైతులకు చెల్లింపవలసిన బకాయి ఆ వసంతమున 20,000 కోట్ల రూపాయలు దాటినది. చెరకు తోలిన 14 దినములలో ధర చెల్లింపవలెనని, ఆలస్యమైనచో నూటికి 15 వంతుల వడ్డీ ఈయవలెనని 1966 నాటి చెరకు నియంత్రణ ఉత్తరువు ఘోషించుచునే యున్నది. మిల్లులకు వడ్డీలేని అప్పుగా కేంద్రము 6,000 కోట్లు ప్రకటించినది. అదే యేడు తెలంగాణమున అనావృష్టి. గోరుచుట్టుపై రోకటిపోటు అన్నట్లు ధరయు పోయినది, నీరును పోయినది.

ఆ డిసెంబరు 23న మూడు కర్మాగారములకును లాకౌటు ప్రకటింపబడినది. లాకౌటు అను మాటను న్యాయవాదులు ఇక్కడ కొంచెము విడదీసి చూపవలెను. ఆనాడు అమలులోనున్న 1947 నాటి పారిశ్రామిక వివాదముల చట్టము ప్రకారము, నూరుగురికి తక్కువగాక కార్మికులున్న కర్మాగారమును శాశ్వతముగా మూయదలచిన యజమాని ప్రభుత్వానుమతి పొందవలెను. ప్రభుత్వము ఉభయపక్షముల మాటను, లోకక్షేమమును విచారించి ఉత్తరువు చేయవలెను. లాకౌటు అట్టిది కాదు. అది వివాదకాలమున తాత్కాలికముగా ద్వారము బిగించుట. పేరునకు తాత్కాలికమైన మూత ఏండ్లకేండ్లు సాగినప్పుడు, శాశ్వతముగా మూయుటకు ముందు జరుగవలసిన విచారణ ఎప్పుడు జరిగినట్లు? రైతు వాఙ్మూలము ఎవరు వ్రాసికొనిరి? శక్కర్‌నగర్ గృహిణిని, బోధను అంగడివానిని, బండి తోలువానిని సాక్షిగా పిలిచిన వారెవరు?

ఇక తరువాతి సంవత్సరమున జరిగినది చూడుడు. 2016 అక్టోబరు నాటికి అదే న్యూయార్కు విపణిలో ధర 23 సెంట్లకు చేరువైనది. అనగా రెండింతలకు పైబడినది. 2016 సెప్టెంబరు వానలకు మంజీరా పొంగి నిజాంసాగరము నిండినది. ఏ రెండు కారణములచే కర్మాగారము నిలువదని 2015లో చెప్పవచ్చునో, ఆ రెండును పది నెలలలో తొలగిపోయినవి. ధర తిరిగి వచ్చినది; నీరు తిరిగి వచ్చినది; కర్మాగారము మాత్రము తిరిగి రాలేదు. అప్పులును, పాతబడిన యంత్రములును, యజమానులకు ప్రభుత్వమునకు నడుమ వివాదములును ముందే యుండినవని ఒప్పుకొందము. అయినను ఒక చెడ్డ యేటి అభిప్రాయమును పెక్కేండ్ల శాసనముగా మార్చరాదనుటకు ఇంతకంటె స్పష్టమైన ఉదాహరణము ఎక్కడ దొరకును?

రైతు ఎంతకాలము వేచియుండును? కొందరు కామారెడ్డి వైపు కర్మాగారములకు చెరకు తోలి చూచిరి. ఎక్కువమంది కార్సి మోళ్లను దున్నివేసి వరి నాటిరి. వడ్లనైనచో ప్రభుత్వము మద్దతు ధరకు కొనును గదా. 2019లో కంపెనీల న్యాయాధికరణము సంస్థ ఆస్తుల లిక్విడేషనుకు ఆజ్ఞ చేసినది. 2016 నాటి దివాలా స్మృతి ప్రకారము కర్మాగారమును నిలుపుటయా, విడదీసి అమ్ముటయా అని ఓటు వేయువారు అప్పిచ్చిన బ్యాంకులు మొదలగువారు. చెరకు అమ్మిన రైతునకు, జీతము రావలసిన కార్మికునకు ఆ సభలో ఓటు లేదు. లిక్విడేషను పంపకములో కార్మికుల 24 నెలల బకాయికి ముందువరుసలో స్థానము కలదు, నిజమే. అది పంపకములో వాటా. నిర్ణయములో వాటా కాదు.

ఆ 2015 శరత్కాలముననే బ్రిటనులో గూడ ఇట్టి సంఘటన యొకటి జరిగినది. ఉక్కు ధర కూలగా రెడ్‌కార్ ఉక్కు కర్మాగారపు సంస్థ అక్టోబరులో దివాలా తీసినది. ప్రభుత్వము పూనుకొనలేదు. కోకు బట్టీలు చల్లారినవి. సుమారు 2,200 మంది పని పోగొట్టుకొనిరి. ఒకమారు చల్లారిన బట్టీని మరల రగిల్చుట దుర్లభము. 2022లో ఆ ఉక్కుకొలిమిని కూల్చివేసిరి. పదేండ్లు గడచినవి. 2025 ఏప్రిలులో స్కన్‌థార్ప్ కర్మాగారమునకు అదే గతి పట్టబోయినది. దినమునకు 7 లక్షల పౌనుల నష్టము వచ్చుచున్నదని చీనా దేశపు యజమానులు చెప్పిరి. ఈమారు ప్రభుత్వము వేచియుండలేదు. సెలవులలోనున్న పార్లమెంటును ఏప్రిలు 12, శనివారమున సమావేశపరచి, కర్మాగారపు నిర్వహణను తన యదుపులోనికి తెచ్చుకొను చట్టమును ఆ ఒక్కదినముననే ఆమోదించినది. కొలిమికి వలయు బొగ్గు తెప్పించి మంట నిలిపినది. యజమానుల లెక్క తప్పని వారనలేదు. లెక్క తేల్చుకొనుటకు కాలమున్నది, కొలిమి చల్లారిన పిదప కాలము లేదు అనిరి. రెడ్‌కార్ ప్రజలు 2015లో మొఱపెట్టినది సరిగా ఇదియే.

ఇచ్చట ప్రతివాదులు ఒక ప్రశ్న వేయుదురు. ప్రభుత్వమే నడపినప్పుడు కర్మాగారము బంగారమును కురిసినదా? సారంగాపూర్ సహకార చక్కెర కర్మాగారము రైతులదే గదా, అది యేల మూతపడినది? 2015లో బోధనును రైతుల సహకార సంఘములకు అప్పగింతుమని ప్రభుత్వమన్నప్పుడు అదేల సాగలేదు? ఈ ప్రశ్నలు త్రోసివేయదగినవి కావు. ప్రభుత్వ నిర్వహణలో దుబారా కలదు, సహకార సంఘములలో పక్షములు కలవు. ప్రజాభిప్రాయము దైవవాక్కును గాదు. భృతి కోసిన బ్రిటిషు ప్రభుత్వమునకే 1931 అక్టోబరు ఎన్నికలలో ఆ ప్రజలు 554 స్థానములు కట్టబెట్టిరి. కాని మా వాదము ప్రజలు తప్పు చేయరని కాదు. ఒక పక్షము వాదము మాత్రమే విని తీర్పు చెప్పిన న్యాయస్థానమును ఎవ్వరు న్యాయస్థానమనరు. చక్కెర ధర పడిపోయినదని యజమానికి తెలియును. ఏ ఊరిలో ఎన్ని ఎకరములు కార్సి నిలిచియున్నదో, ఎంత బకాయి తీర్చినచో మరల ముచ్చెలు నాటుదురో రైతునకు తెలియును. ఏ యంత్రము ఇంకను పనిచేయునో, ఏది మార్చవలెనో కార్మికునకు తెలియును. ఈ మూడు తెలివులు ఒకచోట చేరనిదే మాంద్యమును గూర్చిన అభిప్రాయము పూర్ణము కానేరదు.

వినువారు లేనప్పుడు ప్రజాభిప్రాయము తనకు తోచిన దారి త్రొక్కును. 2019 లోకసభ ఎన్నికలలో నిజామాబాదు స్థానమునకు 185 మంది అభ్యర్థులు నిలిచిరి. వారిలో 170 మందికి పైగా రైతులు. పసుపునకు క్వింటాలుకు 15,000 రూపాయలు, ఎఱ్ఱజొన్నకు 3,500 రూపాయలు మద్దతు ధర కావలెనని వారి కోరిక. ఒక్కొక్క పోలింగు కేంద్రమున పన్నెండేసి బ్యాలెటు యంత్రములు వరుసగా పెట్టవలసివచ్చినది. అది నవ్వులాట కాదు. మహజరును ఎవ్వరు చదువకపోగా, దానిని ఓటు యంత్రముపైనే వ్రాసి చూపుట. ఫలితము కొంత కలిగినది: 2023 అక్టోబరులో జాతీయ పసుపు బోర్డు ప్రకటింపబడి, 2025 జనవరిలో నిజామాబాదు కేంద్రముగా ప్రారంభమైనది. బోర్డు వచ్చినంతనే ధర రాదు. కాని కూడి నిలిచినవారి మాట ఢిల్లీదాక పోవునని తేలినది. పసుపు రైతు సాధించినదానిని చెరకు రైతు ఏల సాధింపలేడు?

2024 జనవరిలో రాష్ట్రప్రభుత్వము పరిశ్రమల మంత్రి శ్రీధర్‌బాబు అధ్యక్షతను ఈ కర్మాగారముల పునరుద్ధరణకై ఒక సంఘమును నియమించినది. సంతోషము. కాని చెరకు లేనిదే కర్మాగారము లేదు, కర్మాగారము లేనిదే చెరకు లేదు అను చిక్కుముడిని కాగితముపై విప్పలేము. ఎవరో ఒకరు ముందడుగు వేయవలెను. రైతు ఒకమారు నమ్మి మోసపోయినాడు. రెండవమారు ముందడుగు వేయుమని అతనిని అడుగుట న్యాయము కాదు. 14 దినముల చెల్లింపునకు ప్రభుత్వమే పూచీపడవలెను. ఊరూర సభ చేసి, ఎవరు ఎన్ని ఎకరములు ఏ ధరకు నాటుదురో వ్రాసికొని, ఆ లెక్కను పదుగురికి తెలియ ప్రకటింపవలెను. ఆ లెక్క ఆధారముగానే గానుగ ఎంతదో, పెట్టుబడి ఎంతయో నిర్ణయింపవలెను.

బోధనుకే గాక, చెరకు కొను ప్రతి కర్మాగారమునకు వర్తించు నియమములు మూడు కావలెను. ద్వారము మూయుటకు ముందు, దానికి లాకౌటనిన, లేఆఫనిన, మరేమనిన, ఆ ఊరిలోనే బహిరంగ విచారణ జరిపి, రైతుల కార్మికుల వాఙ్మూలములను నివేదికలో చేర్చవలెను. ఒకవేళ మూత తప్పనిచో, కనీసము రెండు గానుగ ఋతువులు గడచువరకు యంత్రములను తుప్పుపట్టనీయక కాపాడవలెను, అమ్మరాదు, విప్పరాదు. దివాలా నిర్ణయించు సభలో చెరకు బకాయిదారులకును కార్మికులకును మాటయే గాక ఓటు నీయవలెను. ఇందులో ఒక్కటియు యజమాని ఆస్తిని హరించునది కాదు. తొందరపడి చేసిన పనిని దిద్దుకొనుటకు దేశమునకు వ్యవధి నిచ్చునవి మాత్రమే.

బోధను, వర్ని, రుద్రూరు, కోటగిరి రైతుసోదరులారా! కార్మికసోదరులారా! చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొన్న అనుభవము మనకు చాలును. సంఘము వచ్చి అడుగువరకు ఆగవలదు. మీ ఊరి చెరకు లెక్క మీరే వ్రాయుడు. మీ బకాయి లెక్క మీరే తేల్చుడు. గ్రామసభలో తీర్మానము చేసి జిల్లా కలెక్టరునకు, శాసనసభ్యునకు, ఈ పత్రికకు పంపుడు. న్యాయవాదులము మేము చేయగల సహాయమునకు రుసుము లేదు. వ్యాపారస్థుని అభిప్రాయము కాగితముపై నున్నంతకాలము మన అభిప్రాయము గాలిలో నుండరాదు.